మూడు రకాల సింకు జాలీలు ఎనిమిది నెలలు వాడి చూశా, చివరికి ఏది ఉంచుకున్నానంటే

సింకు మూతిలో పెట్టుకునే జాలీలు మూడు రకాలు కొని ఎనిమిది నెలలుగా మార్చి మార్చి వాడుతున్నా. ఒకటి సన్న తీగతో అల్లిన మెష్ బుట్ట, ఒకటి మెత్తటి సిలికాన్‌ది, ఇంకోటి స్టీలు రేకుకి గుండ్రటి చిల్లులు కొట్టి చేసిన లోతు బుట్ట. మూడూ అరచేతిలో పట్టేంత వస్తువులే, వీటి గురించి ఇంత రాయాలా అంటే రాయాలనే అంటా, ఎందుకంటే కొనేటప్పుడు నేను ఎంత సన్న తుక్కుని ఆపుతుంది అని ఒక్కటే చూసి కొన్నా, వాడాక తెలిసింది ఎంత తేలిగ్గా ఖాళీ అవుతుంది అని చూడాల్సిందని. మిగతా రివ్యూ అంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

అసలు జాలీల దాకా ఎందుకొచ్చానంటే మా సింకు పైపు పూర్తిగా పూడుకుపోయింది. ఒక్కరోజులో కాలేదు అది. ముందు నీళ్లు దిగేటప్పుడు గుడగుడమని చప్పుడు మొదలైంది, తర్వాత కొన్ని వారాలు నీళ్లు నెమ్మదిగా దిగేవి, కాసేపాగితే పోతున్నాయిగా అని వదిలేశా, ఆ తర్వాత వాసన, సింకు ఎంత తోమినా పోని పులిసిన వాసన, చివరికి ఒక రాత్రి అంట్లు తోముతుంటే నీళ్లు అలాగే నిలబడిపోయాయి, పైన జిడ్డు తేలుతూ. పొద్దున లేచి చూస్తే అంతే నీళ్లు, అదే మట్టం.

అప్పుడు నేను చేసిన పని ఎవరూ చేయొద్దు. డ్రెయిన్ క్లీనర్ పౌడరు ప్యాకెట్ మొత్తం ఆ నిలిచిన నీళ్లలోనే పోసేశా. ఆ పౌడర్లలో సాధారణంగా ఉండేది కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్. నీళ్లలో కరిగేటప్పుడు దానంతట అదే బాగా వేడెక్కుతుంది, జిడ్డుని సబ్బుగా మార్చి కరిగిస్తుంది, అదంతా నిజమే. కానీ అది పనిచేయాలంటే అడ్డం పడిన చోటికి చేరాలి కదా, పైన సింకు నిండా నీళ్లుంటే వాటిలోనే పలచబడిపోయి ఉండిపోతుంది, కొన్నిసార్లు పైపు వంపులో గడ్డకట్టి రాయిలా కూర్చుంటుంది కూడా. మాకు అడ్డం కదల్లేదు, పైగా సింకులో మామూలు మురికినీళ్ల బదులు చర్మం కాల్చే నీళ్లు తయారయ్యాయి.

ప్లంబర్ వచ్చీ రాగానే అడిగిన మొదటి మాట, "ఇందులో పౌడరు ఏమైనా పోశారా అండీ?" పోశానని చెప్పగానే బ్యాగులోంచి మందం గ్లౌజులు, కళ్లకి అద్దాలు తీసి పెట్టుకున్నారు. "చాలామంది చెప్పరండీ, చెయ్యి పెట్టాక మాకు తెలుస్తుంది" అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఒళ్లు జలదరించింది. మీరు ఏదైనా పోసి ఉంటే వచ్చిన మనిషికి అడక్కముందే చెప్పండి, దయచేసి. అలాగే ఒక క్లీనర్ పనిచేయలేదని దాని మీద ఇంకోటి పోయొద్దు. బ్లీచ్ ఉన్నది, యాసిడ్ ఉన్నది కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, కిచెన్ లాంటి మూసిన గదిలో అది ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. కాస్టిక్ మీద యాసిడ్ పోస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదకి చిమ్ముతుంది.

ఆయన నీళ్లన్నీ ముందు మగ్గుతో తోడి ఒక బకెట్లోకి పోశారు, సింకు కింద ఇంకో బకెట్ పెట్టి ట్రాప్ విప్పారు. ట్రాప్ అంటే సింకు కింద పైపు ఒకసారి వంగి మళ్లీ పైకి లేస్తుంది చూడండి, ఆ వంపు. కొందరి ఇళ్లలో అది డబ్బాలా ఉంటుంది, బాటిల్ ట్రాప్ అంటారు. అందులోంచి వచ్చింది చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయా. బూడిద రంగు ముద్ద, పట్టుకుంటే మెత్తగా, లోపల విప్పి చూస్తే అన్నం మెతుకులు, కాఫీ పొడి, గుడ్డు పెంకు ముక్కలు, కూరగాయ తొక్కల పీచు, ఏదో ప్యాకెట్ కత్తిరించిన మూల ముక్క, వీటన్నిటినీ పట్టి ఉంచిన తెల్లటి కొవ్వు. అన్నీ నా చేత్తో నేను కడిగి పంపినవే. "ఇది పైనే ఆగాల్సిందండీ, ఇక్కడిదాకా రానివ్వకూడదు" అన్నారాయన, నట్టు బిగిస్తూ.

ఆ వంపు ఎందుకు పెడతారో అప్పటిదాకా నాకు తెలీదు, అడ్డం పడటానికే పెట్టినట్టుంది అనుకునేదాన్ని. దాంట్లో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉంటాయి, ఆ నీళ్లే మూతలా పనిచేసి కింద మురుగు లైను గ్యాస్ ఇంట్లోకి రాకుండా ఆపుతాయి. ఈ ఉపాయం కొత్తది కూడా కాదు, అలెగ్జాండర్ కమింగ్ అనే వాచీల తయారీదారు 1775లో టాయిలెట్‌కి ఇలాంటి వంపు పైపు పెట్టి పేటెంట్ తీసుకున్నాడు. వంపు తీసేస్తే అడ్డాలు తగ్గుతాయేమో గానీ ఇల్లంతా డ్రైనేజీ వాసన. కాబట్టి వంపు ఉండి తీరాలి, వంపు ఉన్నంతకాలం బరువైనదేదైనా అక్కడ కూర్చుంటుంది. కాఫీ పొడి, పెంకులు నీళ్ల కంటే బరువు, నీళ్లు ముందుకు పోయినా అవి అడుగున మిగులుతాయి. మెతుకులు, నూడుల్స్ లాంటి పిండి పదార్థాలు నానుతూ ఉబ్బి జిగురవుతాయి. వేడిగా ఉన్నప్పుడు నీళ్లలా జారే కొవ్వు పైపులో చల్లబడి గోడకి పట్టేస్తుంది. ఇటుకలూ సిమెంటూ రెండూ మనమే పంపుతున్నట్టు. జాలీ ఇటుకల్ని ఆపుతుంది, సిమెంటు సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తా.

ఇక జాలీలు.

మొదట వాడింది సన్న మెష్. ఫొటోల్లో అదే అందంగా ఉంటుంది, వెండిలా మెరుస్తూ, "అతి సన్న కణాల్ని కూడా వదలదు" అని రాసి ఉంటుంది, ఆ మాట అబద్ధం కూడా కాదు. టీ పొడి ఆపింది, కాఫీ పొడి చాలావరకు ఆపింది, మెతుకు ఒక్కటి కిందకి పోలేదు. మొదటి వారం చాలా సంతోషపడ్డా. రెండో వారంలో సమస్య మొదలైంది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, జిడ్డు కలిసి ఆ సన్న రంధ్రాల మీద పొరలా పరుచుకుంటాయి, పైకి చూస్తే జాలీ శుభ్రంగానే కనిపిస్తుంది, నీళ్లు మాత్రం దిగవు. అంట్లు సగం తోమేసరికి సింకులో నీళ్లు గిన్నెల అంచుదాకా వస్తాయి. అప్పుడు ఏం చేస్తాం? చేతులు సబ్బు, పని మధ్యలో ఉన్నాం, వేలితో జాలీ ఒక పక్క ఎత్తుతాం. ఒక్క క్షణం. ఆ క్షణంలో అరగంట నుంచి అది పట్టుకున్న తుక్కంతా నీళ్లతోపాటు సుడి తిరుగుతూ కిందకి పోతుంది.

ఇది నాకు పదిసార్లు జరిగాక అర్థమైంది, ఈ జాలీ ఉండి కూడా పైపులోకి వెళ్లాల్సింది వెళ్తూనే ఉంది, కాకపోతే కొంచెం కొంచెం కాకుండా ఒకేసారి ముద్దగా వెళ్తోంది. వంపులో ఒకేసారి పడే ముద్ద ఇంకా చెడ్డది.

ఖాళీ చేయడం ఇంకో బాధ. చెత్తబుట్ట మీద బోర్లించి కొడితే సగమే పడుతుంది, మిగతాది తీగల మధ్య ఇరుక్కుని ఉంటుంది, పీచు అయితే అల్లుకుపోతుంది. పాత టూత్‌బ్రష్ పెట్టి బయట వైపు నుంచి లోపలికి తోమాలి (లోపలి నుంచి తోమితే ఇంకా గట్టిగా దిగబడుతుంది, ఇది తెలుసుకోవడానికి నాకు కొన్నాళ్లు పట్టింది). బుట్టకీ చుట్టూ ఉన్న రేకు అంచుకీ మధ్య తీగని మడిచి నొక్కుతారు, ఆ మడతలోకి బ్రష్ పోదు, అక్కడ నల్లటి పాకుడు చేరుతుంది, వాసన అక్కడినుంచే. నాలుగో నెలలో ఆ మడత దగ్గర తీగలు ఊడటం మొదలైంది, ఒకటి వేలికి గుచ్చుకుంది కూడా. ఆ రోజుతో దాన్ని సింకులోంచి తీసేశా. అయితే పారేయలేదు, దాని సంగతి కింద చెప్తా.

సిలికాన్‌ది రెండోది. దీని గురించి మంచి మాటే ముందు చెప్పాలి, ఖాళీ చేయడం మూడింటిలోకీ దీనికే తేలిక. తీసి వెనక్కి తిప్పేస్తే, సాక్సు తిరగేసినట్టు, లోపల ఉన్నదంతా ఊడి పడిపోతుంది, వేలితో ఒకసారి రుద్దితే అయిపోయింది. తుప్పు పట్టదు, స్టీలు సింకు మీద గీతలు పడవు, గిన్నె దాని మీద జారి పడినా చప్పుడు కూడా ఉండదు. పొయ్యి మీద నుంచి దింపిన వేడి నీళ్లు పోసినా దానికి ఏమీ కాదు, సిలికాన్ అంతకంటే చాలా ఎక్కువ వేడి తట్టుకుంటుంది.

కానీ అది తేలిక వస్తువు, అదే దాని బలం, అదే దాని లోపం. కుళాయి గట్టిగా తిప్పితే అంచు ఒక పక్క లేస్తుంది. పెద్ద గిన్నెలో నీళ్లు ఒక్కసారి గుమ్మరిస్తే మొత్తం కదిలి పక్కకి జరుగుతుంది, మూతి తెరుచుకుంటుంది, మళ్లీ అదే కథ. నాది పళ్లెంలాగా లోతు తక్కువ ఉన్నది, నాలుగు ప్లేట్లు కడిగేసరికి నిండిపోయేది. లోతున్నవి కూడా దొరుకుతాయి, అవి మెరుగ్గా ఉండొచ్చు. రంగు సంగతి చిన్నదే, లేత రంగు కొంటే మాత్రం నెలలో పసుపు పచ్చగా అయిపోతుంది, ఎంత రుద్దినా పోదు, ముదురు రంగు తీసుకోండి. వంట తక్కువ చేసుకునేవాళ్లకి, ఒకరిద్దరు ఉండే ఇంటికి ఇది సరిపోతుందని నా ఉద్దేశం. రోజుకి రెండు పూటలా గిన్నెల గుట్ట ఉండే ఇంటికి సరిపోదు.

మూడోది చిల్లుల స్టీలు బుట్ట. నిజం చెప్పాలంటే దీన్ని కొనేటప్పుడు పెద్దగా నమ్మకం లేదు, చిల్లులు పెద్దవిగా అనిపించాయి, స్కేలు పెట్టి చూస్తే రెండు మిల్లీమీటర్ల పైన ఉన్నాయి. టీ పొడి దాంట్లోంచి హాయిగా పోతుంది. ఉడికిన మెతుకు పోదు, తొక్కలు పోవు, పెంకు ముక్కల్లో మరీ నలిగినవి తప్ప పోవు. నీళ్లు మాత్రం ఆగవు. బుట్ట సగం నిండినా పక్కనున్న చిల్లుల్లోంచి దిగుతూనే ఉంటాయి, ఎందుకంటే చిల్లులు అడుగునే కాకుండా చుట్టూ గోడలకి కూడా ఉన్నాయి. నీళ్లు ఆగకపోతే చెయ్యి జాలీ ఎత్తడానికి పోదు. ఈ ఎనిమిది నెలల్లో నేను నేర్చుకున్నదాంట్లో ముఖ్యమైనది ఇదే, సన్న మెష్ వంద శాతం ఆపి రోజూ రెండుసార్లు మొత్తం వదిలేసే బదులు, ఇది కొంచెం వదిలి మిగతాది చివరిదాకా పట్టుకుంటుంది.

మధ్యలో ఒక చిన్న పిడి ఉంది, పైకి లేచిన కాడలాగా. మొదట్లో అనవసరం అనుకున్నా, ఇప్పుడు అది లేనిది కొనను. జిడ్డు నీళ్లలో చెయ్యి ముంచి అంచు కోసం గోళ్లతో వెతకక్కర్లేదు, రెండు వేళ్లతో పట్టి తీయొచ్చు. తీసి చెత్తబుట్ట అంచుకి రెండు దెబ్బలు కొడితే రేకు నున్నగా ఉంటుంది కాబట్టి ముద్ద ముద్దగా ఊడిపోతుంది. మిగిలిన రెండు మూడు మెతుకులు కుళాయి కింద తిరగేసి పడితే పోతాయి, కానీ అలా పడితే అవి మళ్లీ సింకులోకే పడతాయి, అందుకని నేను ఒక కాగితం ముక్కతో తుడిచి పారేస్తా. మొత్తం పని అర నిమిషం కూడా పట్టదు. అర నిమిషం పని కాబట్టే ప్రతిసారీ చేస్తున్నా, మెష్ అయితే రేపు చేద్దాంలే అనిపించేది, ఆ రేపు వచ్చేసరికి దాంట్లో పురుగులు.

లోపాలు లేవని కాదు. చిల్లులు మిషన్ మీద కొట్టినవి కదా, లోపల వైపు అంచులు కొంచెం గరుగ్గా ఉన్నాయి, స్పాంజి పెట్టి రుద్దితే స్పాంజి పీచులు దానికి తగులుకుంటాయి. కొనేటప్పుడు వేలితో లోపలంతా తడిమి చూడండి. పైగా నాది అంచు వెడల్పు, సింకు మూతి చుట్టూ ఉండే పల్లంలో సరిగ్గా కూర్చోదు, ఒక వెంట్రుకవాసి పైకి ఉంటుంది, అందుకని అంచు చుట్టూ ఎప్పుడూ కొంచెం నీళ్లు రింగులా నిలుస్తాయి, రాత్రి గుడ్డతో తుడవాల్సి వస్తుంది. ఇది కొలత చూసుకోకుండా కొన్నందుకు వచ్చిన బాధ.

కొలత గురించి కొంచెం వివరంగా. చాలా కిచెన్ సింకుల మూతి మూడున్నర అంగుళాలు, అంటే తొంభై మిల్లీమీటర్లకి దగ్గరగా ఉంటుంది, కానీ అన్నీ అంతే ఉంటాయని కాదు, చిన్నవి కూడా ఉన్నాయి. ప్యాకెట్ మీద రాసే సైజు చాలాసార్లు జాలీ బయటి అంచు కొలత, బుట్ట కొలత కాదు. మీరు మూడు కొలతలు తీసుకోండి, మూతి లోపలి వెడల్పు, చుట్టూ పల్లం ఉంటే దాని వెడల్పు, మూతిలోంచి అడ్డపుల్ల (మూతి లోపల కింద అడ్డంగా ఉండే కమ్మీ) దాకా లోతు. ఆ లోతు ఎవరూ చూడరు, లోతు బుట్ట కొంటే అది కిందున్న అడ్డపుల్లకి తగిలి పైకి లేచిపోతుంది, అంచు కింద సందు పడుతుంది, ఆ సందులోంచి పోయే దానికి ఇక జాలీ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

స్టీలు రకం కూడా ఒక మాట. 304 గ్రేడు అని ఉంటే మంచిది, దాంట్లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, 18/8 అని గిన్నెల మీద రాసేది అదే. అయస్కాంతం పెట్టి అంటుకోకపోతే మంచి స్టీలు అని చాలామంది చెప్తారు, నేనూ నమ్మా, కానీ అది పూర్తి పరీక్ష కాదు, నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపే 201 గ్రేడు కూడా పెద్దగా అంటుకోదు, 304నే నొక్కి వంచి చేసినప్పుడు కొంచెం అంటుకోవచ్చు. ఏ గ్రేడైనా సరే బ్లీచ్‌లో రాత్రంతా నానబెట్టొద్దు, క్లోరిన్ స్టీలు మీద చిన్న చిన్న గుంటలు చేస్తుంది, తుప్పు అక్కడినుంచి మొదలవుతుంది. వేడినీళ్లు, గిన్నెల సబ్బు, పదిహేను నిమిషాలు, అంతే చాలు.

చాలా సింకులకి మూతిలోనే ఒక బుట్ట వస్తుంది కదా, నొక్కితే మూసుకుంటుంది ఎత్తితే నీళ్లు పోతాయి, అది ఉండగా ఇంకోటి ఎందుకు అని అడగొచ్చు. దాని చిల్లులు నీళ్లు తొందరగా పోవడానికి చేసినవి, మెతుకు నిలువుగా వస్తే దూరిపోతుంది. కింద ఉండే రబ్బరు వాషరు చుట్టూ జిడ్డు పట్టి చీమలూ బొద్దింకలూ చేరతాయి, నెలకోసారైనా తీసి కడగాలి. సింకులో నీళ్లు నింపుకోవడానికి అది బాగుంటుంది, తుక్కు ఆపడానికి దాన్నే నమ్ముకోకూడదు. నేను దాన్ని తీసి పక్కన పెట్టా.

జాలీ బదులు గ్రైండర్ పెట్టించుకుందామా అని కూడా ఆలోచించా, సింకు కింద బిగించే ఫుడ్ వేస్ట్ డిస్పోజర్. తెలిసినవాళ్ల ఇంట్లో కొన్ని రోజులు వాడి చూశా కాబట్టి చెప్తున్నా. దీన్ని 1927లో జాన్ హామ్స్ అనే అమెరికన్ ఆర్కిటెక్ట్ కనిపెట్టాడు, 1935లో పేటెంట్ వచ్చింది. అందులో బ్లేడ్లు ఉంటాయని అందరూ అనుకుంటారు, మామూలుగా ఉండవు, తిరిగే పళ్లెం మీద రెండు మొద్దు ముక్కలు ఉంటాయి, అవి తుక్కుని చుట్టూ ఉన్న గరుకు రింగుకేసి విసిరి నలుపుతాయి. సౌకర్యమే, కాదనను. కానీ అది తుక్కుని మాయం చేయదు, చిన్నది చేసి ముందుకి పంపుతుంది, ఆ ముందు ఏముందనేది మన పైపు, మన వీధి మురుగు లైను మీద ఆధారపడి ఉంటుంది. పాత మురుగు లైన్ల మీద భారం పడుతుందని న్యూయార్క్ నగరంలో చాలాచోట్ల 1997 దాకా వీటిని పెట్టుకోనివ్వలేదు. పీచు ఎక్కువ ఉన్నవి దాంట్లో చుట్టుకుంటాయి, ఎముకలు, నూనె వేయకూడదు. నీళ్లు చల్లటివే వదలాలి, వేడినీళ్లయితే కొవ్వు కరిగి దూరం పోయి అక్కడ గడ్డకడుతుంది. ఆపేశాక కూడా కాసేపు నీళ్లు వదలాలి. ఆగిపోతే చెయ్యి మాత్రం పెట్టకూడదు, ప్లగ్ తీసి కింద ఉండే ఎర్ర రీసెట్ బటన్ చూసుకోవాలి. ఇన్ని గుర్తుపెట్టుకునే బదులు బుట్ట రెండు దెబ్బలు కొట్టడం నాకు సులువనిపించింది.

ఇప్పుడు సిమెంటు సంగతి. ఏ జాలీ కూడా నూనెని ఆపలేదు, ఇది కొన్న రోజే తెలిసి ఉండాల్సింది నాకు. మూడో బుట్ట ఎంత బాగున్నా, మూకుడులో మిగిలిన నూనె నేరుగా సింకులో వంచితే పైపు మళ్లీ పూడుతుంది, కాకపోతే ఆలస్యంగా. లండన్‌లో వైట్‌చాపెల్ దగ్గర 2017లో మురుగు లైనులో ఒక కొవ్వు గడ్డ దొరికింది, 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు, కిచెన్‌లలోంచి వచ్చిన నూనె, టాయిలెట్లలో వేసిన తడి వైప్స్ కలిసి అలా అయ్యాయి, దాంట్లో ఒక ముక్కని తర్వాత మ్యూజియంలో కూడా పెట్టారు. అది చదివాక నేను ప్రతి జిడ్డు గిన్నెనీ ముందు కాగితంతో తుడిచి ఆ తర్వాతే సింకులో వేస్తున్నా. ఎక్కువ నూనె అయితే చల్లారనిచ్చి పాత డబ్బాలో పోసి మూత పెట్టి చెత్తలో వేస్తా. ఈ ఒక్క అలవాటుతో జాలీ కూడా సగం తక్కువ జిడ్డు పడుతోంది, కడగడం ఇంకా తేలికైంది.

అడ్డం పడ్డాక మరిగే నీళ్లు పోయమని, బేకింగ్ సోడా వెనిగర్ కలపమని చాలామంది చెప్తారు, రెండూ చేసి చూశా. మరిగే నీళ్ల సంగతి జాగ్రత్త, మామూలు పీవీసీ పైపులు 60 డిగ్రీలు దాటిన వేడికి పనికిరావు, మెత్తబడి జాయింట్లు కారతాయి, చెయ్యి కాసేపు పెట్టగలిగేంత వేడి చాలు. సోడా వెనిగర్ కలిస్తే పొంగుతుంది, చూడ్డానికి ఏదో జరుగుతున్నట్టే ఉంటుంది, ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్ గ్యాస్, మిగిలేది ఎక్కువగా నీళ్లూ ఒక ఉప్పూ, గట్టిపడ్డ కొవ్వుని అది కదపలేదు. వాసనకి కాస్త పనిచేసింది, అంతకంటే ఏం లేదు. ప్లంజర్ మాత్రం నిజంగా పనిచేస్తుంది. జంట సింకు అయితే రెండో మూతిని తడిగుడ్డతో గట్టిగా మూసి పెట్టాలి, లేకపోతే మీరు ఇటు నొక్కిన గాలంతా అటు పోతుంది. పౌడరు పోసిన నీళ్లలో మాత్రం ప్లంజర్ వాడొద్దు, చిమ్ముతుంది.

మూడో బుట్ట పెట్టాక ఐదో నెలలో ట్రాప్ నేనే విప్పి చూశా, నట్టు చేత్తోనే తిరిగింది, కింద బకెట్ పెట్టుకున్నా. అడుగున కొంచెం టీ పొడి, పలచటి జిగురు, అంతే, కుళాయి కింద పడితే కడుక్కుపోయింది. మెతుకులు లేవు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను, ఆ బూడిద ముద్ద కళ్ల ముందు ఇంకా ఉంది కదా. టీ పొడి కూడా రాకూడదని అప్పటినుంచి పక్కన పెట్టిన ఆ సన్న మెష్‌ని బయటికి తీశా, టీ కాచిన గిన్నె, కాఫీ ఫిల్టరు కడిగేటప్పుడు మాత్రమే దాన్ని చేత్తో పట్టుకుని ఆ నీళ్లు దాంట్లోంచి వంచుతా, సింకు మూతిలో పెట్టను. ఆ పనికి అది బ్రహ్మాండంగా ఉంది, ఊడిన తీగల్ని కత్తెరతో కత్తిరించేశా.

కొనాలనుకునేవాళ్లకి, చిల్లుల బుట్ట తీసుకోండి, లోతున్నది, గోడలకి కూడా చిల్లులున్నది, మధ్యలో పిడి ఉన్నది. ఒకటి కాదు, రెండు తీసుకోండి. నేను మొన్ననే రెండోది కొన్నా, ఈసారి మూతి కొలిచి. రాత్రి అంట్లు అయ్యాక ఒకటి కడిగి బోర్లించి ఆరబెడతా, పొద్దున పొడిగా ఉన్నది పెడతా, వాసన అన్న మాటే లేదు ఇప్పుడు.